కాగితం మీద లేని కుక్క

అందరికీ నమస్కారం.

కుక్కను ఇంకొకరికి అప్పగించి ఊరెళ్ళేవాళ్ళు ఎడమ వైపు, ఆ కుక్కను చూసుకునే పెట్ సిట్టర్లు కుడి వైపు. ఎవరూ చెప్పకుండానే వియ్యాలవారిలా విడివిడిగా కూర్చున్నారు. (నవ్వులు) నేను చాలా ఏళ్ళుగా ఇతరుల కుక్కల్ని చూసుకుంటున్నాను. నాకూ కుక్కలున్నాయి కాబట్టి, వాటిని ఇంకొకరికి అప్పగించి ఫోను పక్కనే పెట్టుకుని నిద్రపట్టక దొర్లిన రాత్రులూ ఉన్నాయి. అందుకని ఇవాళ రెండు వైపులవాళ్ళనూ కాస్త కోప్పడే హక్కు నాకుందనుకుంటున్నాను.

ముందు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెబుతాను.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంటివాళ్ళు తమ కుక్కను నాకు అప్పగించారు. గోధుమ రంగు, మరీ పెద్దదీ కాదు చిన్నదీ కాదు, మెత్తని స్వభావం. ఆ ఇంటావిడ రెండు పేజీలు రాసిచ్చింది. తిండి ఎన్ని గంటలకు, ఎంత, ఏ గిన్నెలో, నీళ్ళు ఎన్నిసార్లు మార్చాలి, ఏ బొమ్మంటే ఇష్టం, పడుకునే ముందు చెవుల వెనక ఎలా గోకాలి. ముత్యాల్లాంటి అక్షరాలు. మురిసిపోయాను. వాళ్ళు బయల్దేరిన గంటకు దాన్ని వాకింగ్‌కు తీసుకెళ్ళాను. మలుపులో ఒక లారీ హారన్ కొట్టింది. కుక్క ముందుకు పరుగెత్తి ఉంటే ఆపగలిగేవాణ్ణి. అది తల దించి, చెవులు వెనక్కి అణిచి, నాలుగడుగులు వెనక్కి నడిచింది. మెడ పట్టీ చెవుల మీదుగా జారి వచ్చేసింది. నా చేతిలో లీషు, అంటే కుక్కను పట్టుకునే తాడు, ఉంది, దాని చివర పట్టీ వేలాడుతోంది. కుక్క లేదు.

ఫోన్ చేశాను. ఆవిడ అన్న మొదటి మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అయ్యో, దానికా అలవాటుందండీ. మేమైతే పట్టీ బిగించి తీసుకెళ్తాం."

దొరికింది లెండి. ఐదు గంటల తర్వాత, వాళ్ళ ఇంటి వెనకే, నీళ్ళ ట్యాంకు కింద ముడుచుకుని ఉంది. ఆ రాత్రి ఆ రెండు పేజీలూ మళ్ళీ చదివాను. ఒక్క అబద్ధం లేదు. కానీ ఆ కాగితంలో ఉన్న కుక్క వేరు, నా చేతిలోంచి జారిపోయిన కుక్క వేరు.

ఆవిడను తప్పుపట్టి ప్రయోజనం లేదు. గుమ్మం ఎత్తుగా ఉన్న ఇంట్లో ఇంటివాళ్ళు చూడకుండానే కాలెత్తి దాటతారు. కొత్తగా వచ్చినవాడు తన్నుకుని పడతాడు. "మా గుమ్మం ఎత్తు" అని చెప్పాలని ఇంటివాళ్ళకు తట్టదు, ఎందుకంటే వాళ్ళ కాలికి తెలుసుగానీ నోటికి తెలియదు. కుక్క విషయంలో యజమానులకు తెలిసినదాంట్లో సగం ఇలా చేతుల్లోనూ కాళ్ళలోనూ ఉంటుంది. తలుపు తీసేటప్పుడు మోకాలు అడ్డం పెట్టడం, మెట్ల దగ్గర లీషు పొట్టిగా పట్టుకోవడం, తిండి పెట్టేటప్పుడు పిల్లల్ని లోపలికి పంపడం. అడిగితే, "మేమా? ప్రత్యేకంగా ఏమీ చెయ్యమండీ" అంటారు.

ఇది ఒక రకం. అలవాటు వల్ల చెప్పనివి. రెండో రకం సిగ్గు వల్ల చెప్పనివి. ఇదే ప్రమాదం.

మా కుక్క ఒకసారి ఎదురింటి అబ్బాయిని కరిచింది. ఎవరి కాగితంలోనైనా ఈ వాక్యం చూశారా? నేను ఇన్నేళ్ళలో మూడు నాలుగుసార్లు చూశానేమో. అలాగని కరిచిన కుక్కలు మూడో నాలుగో మాత్రమే నా దగ్గరికి వచ్చాయని కాదు. మిగతావి నేనే కనుక్కున్నాను. కొన్ని నా చేతి మీద ముద్ర వేసి మరీ చెప్పాయి. యజమానికి భయం, చెబితే ఈయన కుక్కను తీసుకోడని. తన పెంపకం బాగాలేదనుకుంటారనే నామోషీ కూడా. నేను చెప్పేదేమిటంటే, కరిచిన కుక్కను నేను తీసుకుంటాను. ఎప్పుడు కరిచిందో, దేనికి కరిచిందో తెలిస్తే చాలు. నోట్లో ఎముక ఉన్నప్పుడు దగ్గరికి వెళ్తే కరుస్తుందా? వెళ్ళను. నిద్రలో తడితే ఉలిక్కిపడి పళ్ళు వేస్తుందా? దూరం నుంచి పిలుస్తాను. "అస్సలు ఏమీ అనదండీ, బంగారం" అని చెప్పిన కుక్కతోనే నాకు భయం.

మనకో సామెత ఉంది కదా, మొరిగే కుక్క కరవదు, కరిచే కుక్క మొరగదు అని. మొదటి సగం పూర్తిగా తప్పు, మొరిగి కరిచే కుక్కలు బోలెడు. రెండో సగంలో మాత్రం ఒక నిజం ఉంది, అయితే సామెత చెప్పినవాళ్ళు అనుకున్న నిజం అదేనో కాదో. కుక్క గుర్రుమన్నప్పుడల్లా మనం గద్దించి, దండించి ఆ గుర్రు మాన్పిస్తాం. కోపమూ భయమూ అలాగే ఉంటాయి, చెప్పే గొంతు మాత్రం పోతుంది. ఇక మిగిలింది పళ్ళే. ఇలాంటి కుక్కను అప్పగిస్తూ "ఇదివరకు గుర్రుమనేది, ఇప్పుడు బాగా మారిపోయింది" అని గర్వంగా చెబుతారు. నాకు చెమట పడుతుంది.

గుర్రుకన్నా ముందు కూడా అది చాలా చెబుతుంది. ఎదుట తినేదేమీ లేకున్నా పెదవులు నాకుతుంది. నిద్ర రాకున్నా ఆవలిస్తుంది. మొహం పక్కకు తిప్పి, కనుగుడ్లు మాత్రం మనవైపే ఉంచుతుంది, అప్పుడు కంటి తెలుపు నెలవంకలా కనబడుతుంది. అన్నిటికన్నా గట్టి హెచ్చరిక, ఉన్నపళంగా బిగుసుకుపోవడం. తింటున్న కుక్క నమలడం ఆపి కదలకుండా నిలబడిందంటే మీ చెయ్యి ఎక్కడుందో చూసుకోండి. తోక ఊపుతోందిగా అంటారు. తోక ఊపడం అంటే ఉద్వేగం, అంతే. ఏ ఉద్వేగమో మిగతా ఒళ్ళు చూసి తెలుసుకోవాలి. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కల తోకల్ని వీడియోలో కొలిచి చూశారు. యజమానిని చూసినప్పుడు ఊపు కుడివైపు ఎక్కువ మొగ్గింది, దబాయించే కొత్త కుక్కను చూపిస్తే ఎడమవైపు మొగ్గింది. దీన్ని గుమ్మం దగ్గర నిలబడి కొలవమని చెప్పడం లేదు. తోకకు ఒకే అర్థం లేదని చెప్పడానికి చెబుతున్నాను.

మరి చెప్పనివి బయటికి రాబట్టడం ఎలా? సిట్టర్లకు చెబుతున్నాను. "మీ కుక్క ఎలాంటిది?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "చాలా మంచిది" అనే. సంఘటనలు అడగండి. చివరిసారి ఎప్పుడు తప్పించుకుంది? చివరిసారి ఎవరి మీద గుర్రుమంది, అప్పుడు అక్కడ ఏముంది? డాక్టరు దగ్గర మూతికి కట్టు కట్టాల్సి వచ్చిందా? టపాకాయలు పేలితే ఎక్కడ దాక్కుంటుంది? నోట్లోంచి ఏదైనా లాక్కోవాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారు? "తప్పించుకుంటుందా" అంటే లేదనే వాళ్ళే "చివరిసారి ఎప్పుడు" అంటే ఆలోచించి "ఆఁ, పోయిన నెల" అంటారు.

అడగడంకన్నా మంచిది చూడటం. వాళ్ళు ఊరెళ్ళడానికి కనీసం ఓ వారం ముందు వెళ్ళి, యజమానినే అన్నీ చేయమనండి. బెల్టు తొడగమనండి, బయటికి తీసుకెళ్ళమనండి, తిండి పెట్టమనండి. మీరు పక్కన నడుస్తూ ఆయన చేతుల్ని చూడండి. నేను ఇప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుంటాను, వాళ్ళ అనుమతితోనే. ఆయన గేటు దగ్గర ఆగి అటూ ఇటూ చూశాడంటే అక్కడ ఏదో ఉంది. అప్పుడు అడుగుతాను, "ఎందుకు ఆగారు?" వస్తుంది కథ. ఆ తర్వాత, వీలైతే ఒక్క రాత్రి కుక్కను మీ దగ్గర ఉంచుకోండి, యజమాని ఊళ్ళోనే ఉన్నప్పుడు. పది రోజుల కోసం ఒప్పుకుని రెండో రోజే ఇబ్బంది పడటంకన్నా ఇది నయం.

తప్పించుకోవడం గురించి ఇంకొంచెం. కొత్త చోట తొలి రెండు మూడు రోజులే కష్టం. ఆ ఇల్లు దానికి ఇల్లు కాదు, మీరు దాని మనుషులు కాదు. పారిపోతే ఎటు వెళ్ళాలో కూడా తెలియదు. ఆ రోజుల్లో నేను రెండు కట్లు వాడతాను. ఒంటికి హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ, మెడకు మామూలు పట్టీ, రెండిటికీ వేర్వేరు లీషులు. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. మెడ పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. రీలులా చుట్టుకునే పొడుగు లీషులు నాకు గిట్టవు. కుక్క ఒక్కసారి దూకితే ఆ సన్నని తాడు చేతి వేళ్ళను కోస్తుంది, చేతిలోంచి జారితే ఆ ప్లాస్టిక్ పిడి దాని వెనకే గడగడమంటూ దొర్లి కుక్కను ఇంకా బెదరగొడుతుంది.

తప్పించుకుపోయాక ఏం చెయ్యాలి? వెంటపడకండి. భయంతో ఉన్న కుక్కకు వెంటపడే మనిషి వేటగాడే, పేరు పెట్టి పిలిచినా సరే. కనబడుతూ దూరంగా ఉంటే నేల మీద కూర్చోండి, పక్కకు తిరిగి, దాని కళ్ళలోకి చూడకుండా. కనబడకపోతే తప్పిపోయిన చోటే యజమాని తొడిగి విడిచిన బట్టలు, నీళ్ళు పెట్టండి, అది తిరిగి అక్కడికి వచ్చే అవకాశం ఉంది. ఇక యజమానులు, కుక్క చర్మం కింద పెట్టించే మైక్రోచిప్ గురించి. "చిప్ ఉందిగా, ఎక్కడుందో తెలిసిపోతుంది" అని నాతో అన్నవాళ్ళు చాలామంది. తెలియదు. అది బియ్యపు గింజంత ఉంటుంది, అందులో బ్యాటరీ లేదు, ఉన్నది 15 అంకెల నంబరు. ఎవరో కుక్కను పట్టుకుని, స్కానర్ దగ్గరగా పెట్టి చదివి, రికార్డులో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న ఫోనుకు చేయాలి. ఆ ఫోన్ నంబరు మీరు ఎప్పుడో మార్చేసి ఉంటే చిప్ ఉన్నా లేనట్టే. ఊరెళ్ళే ముందు అది సరిచూసుకోండి. పట్టీకి తగిలించే బిళ్ళ మీద సిట్టర్ నంబరు కూడా ఉండాలి, మీరు విమానంలో ఉంటారు కదా.

ఇప్పుడు కుడి వైపు కూర్చున్నవాళ్ళ సంగతి. సిగ్గు యజమానులకే ఉందనుకుంటున్నారా?

నాకు తెలిసిన ఒక సిట్టర్ ఉంది. మంచి మనిషి. ఆమె చూసుకుంటున్న కుక్క ఒక మూలకెళ్ళి ఏదో నమిలింది. ఆమె వెళ్ళేసరికి ఒక రంగు ముక్క నేల మీద ఉంది. ఎలుకల మందేమో అనిపించింది. కుక్క గంతులేస్తోంది, తిండి తింది, మర్నాడు కూడా బాగానే ఉంది. యజమానులు వస్తున్నారు. ఏమీ కాలేదు కదా, చెబితే అనవసరంగా టెన్షన్ పడతారు, తనను మళ్ళీ పిలవరు. ఇలా అనుకుంది. ఆమె స్థానంలో నేనున్నా, ఆ వయసులో, అలాగే అనుకునేవాణ్ణి. ఆ రాత్రి నిద్రపట్టక నాకు ఫోన్ చేసింది. ఇప్పుడే చెప్పు, ఈ క్షణమే చెప్పు అన్నాను.

ఎందుకంటే ఆ రకం మందుల్లో చాలావాటి పని తీరే అది. రక్తం గడ్డకట్టడానికి శరీరానికి విటమిన్ కె కావాలి. ఈ మందు ఆ విటమిన్‌ను మళ్ళీ మళ్ళీ వాడుకునే దారిని మూసేస్తుంది. ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయేదాకా పైకి ఏమీ కనబడదు. కొన్ని రోజులు గడిచాక లోపల రక్తస్రావం మొదలవుతుంది. నీరసం, దగ్గు, తెల్లబడ్డ చిగుళ్ళు. అప్పటికి సిట్టర్ తాళాలిచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. యజమాని "ఊరెళ్ళొచ్చామని అలిగిందేమో" అనుకుంటూ ఉంటాడు. ముందే తెలిస్తే డాక్టరు విటమిన్ కె ఇచ్చి కాపాడగలరు. ఆ కుక్క బతికింది, ఆ ఒక్క ఫోన్ వల్ల. ఆమెను ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పిలిచారా అంటే, లేదు. పిలవలేదు. అది కూడా చెప్పాలి కదా.

ఉల్లి, వెల్లుల్లి కూడా అంతే. తిన్న రోజు కాస్త వాంతి, ఆ తర్వాత మామూలే. కానీ ఎర్ర రక్తకణాలు దెబ్బతిని రక్తం తగ్గడం కొన్ని రోజులకు బయటపడుతుంది. ఎండుద్రాక్ష, ద్రాక్ష కిడ్నీల మీదికి వస్తాయి, ఏ కుక్కకు ఎన్నిటితో వస్తుందో ముందుగా చెప్పలేం, అందుకే ఒక్కటే కదా అనొద్దు. ఇలా ఆగి దెబ్బ తీసేవాటికి పూర్తిగా వ్యతిరేకం జైలిటాల్. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉండే తీపి పదార్థం. మనిషికి పెద్దగా ఏమీ చెయ్యదు. కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదిలిస్తుంది, అరగంటలోనే చక్కెర పడిపోయి తూలి పడిపోవచ్చు, తర్వాత కాలేయం దెబ్బతినొచ్చు. ఇల్లంతా వెతికి పురుగుమందులు తీసేస్తారు, హ్యాండ్‌బ్యాగు మాత్రం సోఫా మీద పెడతారు. అందులో గమ్ ఉంటుంది, తలనొప్పి మాత్రలుంటాయి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మనం మిఠాయిల్లా మింగుతాం, కుక్కకు రెండూ విషమే. చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు. ఎంత నల్లగా, చేదుగా ఉంటే అంత ప్రమాదం అన్నది మాత్రం గుర్తుంచుకోండి.

తింటే వాంతి చేయించొచ్చా అని ఎప్పుడూ అడుగుతారు. మీ అంతట మీరు వద్దు. యాసిడ్, కిరోసిన్ లాంటివి వెళ్ళేటప్పుడు ఎంత కాలుస్తాయో వచ్చేటప్పుడూ అంత కాలుస్తాయి. ఉప్పునీళ్ళు పట్టించడం ఇంకా చెడ్డది, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ప్యాకెట్టు చేతిలో పట్టుకుని డాక్టరుకు ఫోన్ చేయండి. ఏం తింది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత. ఈ నాలుగూ అడుగుతారు. బరువు తెలియక తెల్లమొహం వేసే సిట్టర్లే ఎక్కువ, అది కూడా కాగితంలో ఉండదు మరి.

ఆ కాగితంలో నేను ఇప్పుడు తప్పకుండా రాయించేది ఇంకొకటి ఉంది. కుక్క బాగున్నప్పటి అంకెలు. నిద్రలో ఉన్నప్పుడు దాని పక్క పొంగడం, తగ్గడం చూస్తూ నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టండి. సాధారణంగా 30 లోపే ఉంటాయి. మీ కుక్కకు ఎప్పుడూ 16 ఉండి, సిట్టర్ దగ్గర మూడో రాత్రి 35 అయితే గుండెకో ఊపిరితిత్తులకో ఏదో అయి ఉండొచ్చు, ఆ 16 తెలిసినవాడే ముందుగా పసిగడతాడు. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడి 2 సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. కొన్ని కుక్కల చిగుళ్ళు పుట్టుకతోనే నలుపు, కాబట్టి ముందే చూసి ఉంచుకోండి. ఒంటి వేడి మనకన్నా ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దానికి మామూలే. "ఒళ్ళు కాలిపోతోంది" అని అర్ధరాత్రి ఫోన్లు చేసేవాళ్ళకు ఇది చెబుతాను.

లెక్కలేవీ చూడకుండా పరుగెత్తాల్సింది ఒకటుంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలు, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటివి, మాటిమాటికీ వాంతి చేసుకోబోయి ఏమీ రాక, అటూ ఇటూ తిరుగుతూ, పొట్ట డప్పులా బిగిస్తే, కడుపు గాలితో ఉబ్బి మెలిపడి ఉండొచ్చు. గంటల్లో ప్రాణం పోతుంది, పొద్దున చూద్దాం అనుకోవడానికి వీల్లేదు.

రోజూ మందులు వాడాల్సిన కుక్కలు. ఇక్కడ ఒక్కటే చెబుతాను, మిగతావి మీ డాక్టరు చెబుతారు. చక్కెర జబ్బున్న కుక్కకు ఇన్సులిన్ ఇవ్వాల్సి వస్తే సిరంజి మార్చకండి. పశువులకిచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి తగ్గ సిరంజి వేరే. మనుషులది 40 యూనిట్లదీ ఉంటుంది, 100 యూనిట్లదీ ఉంటుంది. 100 యూనిట్ల మందును 40 గీతల సిరంజిలో పది గీత దాకా తీస్తే కుక్క ఒంట్లోకి వెళ్ళేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. సిరంజి అయిపోయిందని ఇంట్లో తాతగారి సిరంజి వాడినవాళ్ళున్నారు. ఇంకోటి, కొత్తచోట కుక్క తిండి మానేస్తే మామూలు మోతాదు పొడిచెయ్యకండి. ముందు ఫోన్.

ఎండ గురించి మాట్లాడే ముందు ఒక ప్రశ్న. బయట కార్లో ఎవరైనా కుక్కను వదిలి వచ్చారా? (నవ్వులు) నవ్వడం కాదు, ఒక సమావేశంలో నిజంగానే ఒకాయన లేచి వెళ్ళాడు. ఎండలో ఆపిన కారులో వేడి పది నిమిషాల్లో దాదాపు 20 డిగ్రీల ఫారన్‌హీట్ పెరుగుతుంది. అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు చెమట పట్టేది పాదాల కిందే, ఒళ్ళు చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పుతూ. చుట్టూ గాలే వేడెక్కితే రొప్పి ఏం లాభం? పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టిముక్కువాటికి ఆ రొప్పడం కూడా సరిగ్గా రాదు. నడిపించే ముందు మీ అరచేతి వెనకవైపును రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే దాన్నీ నడిపించొద్దు.

ఇంకో రెండు మాటలు సిట్టర్లకు, వృత్తిగా చేసేవాళ్ళకు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తారు కదా, మీ బూట్లు కూడా వెళ్తాయి. కుక్కపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే వాంతులు, విరేచనాలు కలిగించే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌కు చావదు, బ్లీచింగ్‌కు చస్తుంది. టీకాల కోర్సు పూర్తికాని కుక్కపిల్ల ఉన్న ఇంటికి రోజులో మొదట వెళ్ళండి, ఆఖరున కాదు.

కాటు పడితే, కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని వినడానికి బాగుంటుందిగానీ, అసలైన మొదటి వైద్యం సబ్బూ ధారగా పారే నీళ్ళూ. గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగాలి. 15 నిమిషాలంటే చాలాసేపు, చేసి చూడండి. ఆ తర్వాత డాక్టరు. కుక్కకు టీకా కార్డు ఉన్నా సరే, మీరు ముందుగా రేబిస్ టీకా వేయించుకున్నా సరే, వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. ఇక్కడ కూడా సిగ్గే అడ్డం వస్తుంది. "చిన్న గాటే, చెబితే ఆ కుక్కకు చెడ్డ పేరు" అని సిట్టర్లు దాచేస్తారు. నేనూ దాచాను ఒకప్పుడు.

ఇక అందరూ దాటేసే సంగతి. ముసలి కుక్కలు.

పదమూడేళ్ళ కుక్కను అప్పగించి రెండు వారాలు వెళ్తారు. ఇద్దరికీ మనసులో ఒకే భయం ఉంటుంది, ఇద్దరూ పైకి అనరు, అపశకునం అని. నాకు ఒకసారి అలా జరిగింది. అర్ధరాత్రి కుక్క కూలబడింది. డాక్టరు పరీక్ష చేసి ఆపరేషన్ చేయొచ్చు, నిలుస్తుందని చెప్పలేను, లేదా బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చొచ్చు అన్నారు. యజమాని ఫోన్ పలకదు. సంతకం పెట్టాల్సింది నేను. ఎవరి కుక్క అది? నాది కాదు. దాని తల నా ఒళ్ళో ఉంది. ఆ మూడు గంటలు నేను ఏ శత్రువుకూ కోరను. చివరికి ఆయన ఫోన్ ఎత్తారు, ఆయనే చెప్పారు. అప్పట్నుంచి పదేళ్ళు దాటిన కుక్క అయితే నేనే ముందు ఎత్తుతాను ఆ మాట. అలాంటి పరిస్థితే వస్తే ఎంతవరకు వైద్యం చేయించాలి, ఎంత ఖర్చు వరకు మిమ్మల్ని అడగక్కర్లేదు, మీరు దొరక్కపోతే మీ తరఫున ఎవరు నిర్ణయం చెబుతారు, ప్రాణం పోతే మీరు వచ్చేదాకా ఉంచాలా. కాగితం మీద రాసి సంతకం. మీ డాక్టరు దగ్గర కూడా ఒక కాపీ. కొందరు యజమానులు ఏడ్చారు ఆ మాట అడిగితే. వద్దు పొమ్మన్నవాళ్ళు మాత్రం లేరు.

టైమయిందంటున్నారు. ప్రశ్నలేవైనా ఉంటే రెండు తీసుకుంటాను.

ఒక శ్రోత: మా వాడు మేం వెళ్ళగానే ఒకటే ఏడుపు సార్. వెళ్ళేముందు ఓ పావుగంట బుజ్జగించి వెళ్తాం. ఇంకా ఏం చెయ్యాలి?

ఆ పావుగంట మానెయ్యండమ్మా. (నవ్వులు) నిజంగానే. మీరు రోజూ పాలు తేవడానికి వెళ్ళేటప్పుడు పావుగంట బుజ్జగిస్తారా? లేదు కదా. ఈరోజు బుజ్జగిస్తున్నారంటే ఏదో కొంప మునుగుతోందని దానికి తెలిసిపోతుంది. సిట్టర్‌ను ఓ గంట ముందే రప్పించండి, వాళ్ళిద్దరూ వాకింగ్‌కు వెళ్ళనివ్వండి, వచ్చేసరికి మీరుండరు. మీరు కప్పుకునే దుప్పటి ఉతక్కుండా వదిలి వెళ్ళండి. మామూలు తిండే పెట్టించండి, వెళ్తున్నామన్న జాలితో కొత్తవి వద్దు, దిగులుకు విరేచనాలు తోడవుతాయి. అలాంటి కుక్కలకు మనిషి వెళ్ళిన తొలి అరగంటే చాలా కష్టంగా గడుస్తుంది. ఒక్కోసారి కెమెరా పెట్టి చూస్తే ఆ తర్వాత గుర్రు పెట్టి నిద్రపోతుంటుంది, ఇక్కడ మీరు భోజనం మానేసి కూర్చుంటారు. అరగంట దాటి కూడా గంటల తరబడి అరుస్తూ, తలుపులు గీరుతూ, గోళ్ళు విరగ్గొట్టుకుంటుంటే మాత్రం అది అలక కాదు, జబ్బే, డాక్టరుకు చూపించాలి.

ఇంకో శ్రోత: నేను కొత్తగా మొదలుపెట్టానండి. రోజూ ఎన్ని ఫోటోలు పంపాలి? కొందరు గంటకొకటి అడుగుతున్నారు.

మొదటే మాట్లాడుకోండి, రోజుకు రెండని. నేను పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పంపుతాను. ఫోటోతో పాటు ఒక వాక్యం. తిండి తిన్నదా, రెండుకు వెళ్ళిందా, ఎలా వెళ్ళింది. యజమానులు నవ్వుకుంటారుగానీ ఆ రెండో సంగతి ఏ ఫోటోకన్నా ఎక్కువ చెబుతుంది. మూడు రోజులు బాగా తిని నాలుగో రోజు సగం వదిలేసిందనుకోండి, "ఈరోజు సగం వదిలేసింది" అనే రాయండి. "అలిసిపోయినట్టుంది" అని మీ ఊహ చేర్చకండి. ఆ ఊహ మీది, ఆ సగం గిన్నె దానిది. ఇంకో మాట, ఆ ఫోటోలు వాళ్ళు తిరిగొచ్చేదాకా ఎక్కడా పోస్ట్ చేయకండి, ఆ ఇంట్లో ఎవరూ లేరని ఊరంతా చాటినట్టవుతుంది. తాళంచెవుల గుత్తికి ఇంటి అడ్రసు రాసిన చీటీ కట్టకండి, కుక్క పేరు రాసుకోండి చాలు.

వెనక వరుసలో అమ్మాయి ఏదో అడగబోతోంది, కానీ వీళ్ళు లైట్లు ఆర్పేస్తున్నారు. బయటికి రామ్మా, నడుస్తూ మాట్లాడుకుందాం. నా కుక్క కూడా ఇంట్లో సిట్టర్ దగ్గరే ఉంది, రాత్రి ఫోటో ఇంకా రాలేదు.